బొటనవ్రేలికి బద్దకట్టు

"ముందు ఆ మట్టె తీసెయ్యండమ్మా" అన్నారు డాక్టరుగారు, నా ఎడమ పాదం చూసి.

ఆయనకేం, తేలిగ్గా అనేశారు. పెళ్ళినాడు సన్నికల్లు తొక్కించి తొడిగిన మట్టె. ముప్ఫయి రెండేళ్ళుగా కాలిని వదలలేదు. ఇంట్లో అత్తయ్యగారు ఉండగా మట్టె లేని కాలితో తిరగడమెలా?

కాని నొప్పి అటువంటిది. బొటనవ్రేలి మొదట్లో, రెండో పాదంవైపు, రేగికాయంత బొడిపె లేచింది. వ్రేలేమో పక్క వ్రేలి మీదికి వాలి మట్టెను నొక్కేస్తోంది. సాయంత్రానికి బొడిపె ఎర్రగా కంది, చెప్పు తగిలితే ప్రాణం పోయేది.

"దీన్ని బనియన్ అంటారు" అన్నారాయన.

"బనియనా?" అని మావారు తన చొక్కా లోపలికి చూసుకున్నారు!

కొత్త ఎముక పుట్టుకొస్తోందని నా భయం. అది కాదట. పాదంలోని పొడుగాటి ఎముక ఒకటి పక్కకు ఒరిగిపోతుంది. దాని తలే బొడిపెగా కనబడేది. దాని చివరనున్న వ్రేలు ఎదురుదిక్కుకు వాలుతుంది. ఈ లక్షణం తల్లినుంచో తండ్రినుంచో రావచ్చు. ఆడవాళ్ళలో ఎక్కువ. కీళ్ళవాతం ఉన్నవారికీ వస్తుంది. ముందువైపు ఇరుకైన జోళ్ళు దాన్ని మరింత ముదరబెడతాయి. హాంగ్‌కాంగ్‌లో జోళ్ళు తొడిగేవారినీ తొడగనివారినీ పోల్చి 1958లో ఇద్దరు వైద్యులు ప్రకటించిన లెక్క చూడండి: మొదటివారిలో నూటికి 33 మందికి ఈ వంకర ఉంటే, రెండోవారిలో సుమారు ఇద్దరికే. ఇంగ్లండులో కేంబ్రిడ్జి పాత శ్మశానాల ఎముకల్ని పరీక్షించి 2021లో చెప్పిన సంగతి ఇంకా విచిత్రం. మొనదేలిన జోళ్ళ మోజు వచ్చిన 14, 15 శతాబ్దాలవారిలో నూటికి 27 మందికి ఉంది. అంతకు ముందరివారిలో ఆరుగురికే. షోకు ఈనాటిది కాదు!

ఇక బద్దకట్టు సంగతి. పాదం పక్కగా ఒక ప్లాస్టిక్ బద్ద, పాదం చుట్టూ ఒక పట్టీ, బొటనవ్రేలికి ఒక పట్టీ. వ్రేలిని పక్క వ్రేలినుంచి దూరంగా లాగి అంటించుకోవాలి. పడుకునేప్పుడే సుమా; అది కట్టుకుని నడవకూడదు. మొదటి రాత్రి ఆశకొద్దీ బిగించి కట్టాను. తెల్లవారుజామున వ్రేలు మొద్దుబారి మెలకువ వచ్చింది. తర్వాత వదులుగా, రోజూ గంట, రెండు గంటలు అలవాటు చేసుకున్నాను. షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవారు డాక్టరును అడక్కుండా దీని జోలికి పోరాదు. పట్టీ ఒరిసి పుండుపడినా వాళ్ళకు తెలియదు.

మూడు నెలలు కట్టాను. రాత్రిపూట సలుపు తగ్గింది. కట్టు ఉన్నంతసేపూ వ్రేలు తిన్నగానే ఉంటుంది. తీసి కాఫీ కలుపుకునేలోపల యథాప్రకారం! డాక్టరుగారి మీద కోపం వచ్చింది. కాని న్యాయంగా చెప్పాలంటే, కట్టమన్నది ఆయన. తిన్నగా అవుతుందన్నది దుకాణంలో కొన్న అట్టపెట్టె.

"పెద్దవాళ్ళ ఎముకను పట్టీ సరిచెయ్యలేదమ్మా. నొప్పికి ఉపశమనం, అంతే. తిన్నగా కావాలంటే ఎముక కోసి నిలబెట్టాలి. వాపు పూర్తిగా తియ్యడానికి నెలలు పడుతుంది. హాయిగా నడవగలిగినన్నాళ్ళు కత్తి ఎందుకు?" అన్నారాయన.

నాకు ఎక్కువ మేలు చేసింది చెప్పులే. సాయంత్రంపూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితంమీద నిలబడి చుట్టూ గీత గీయించుకుని, ఆ కాగితంతోనే దుకాణానికి వెళ్ళాను. గీతకన్నా సన్నగా ఉన్న చెప్పునల్లా పక్కన పెట్టేశాను. షాపు కుర్రాడు నన్ను వింతగా చూశాడనుకోండి. పగలు రెండు వ్రేళ్ళ మధ్య మెత్తని సిలికాన్ ముక్క ఒకటి పెట్టుకుంటాను.

మట్టె మాట చెప్పలేదు కదూ. పది రోజులు కుచ్చెళ్ళు కిందికి దించి కట్టుకుని దాచాను. పదకొండోనాడు అత్తయ్యగారు "ఏమిటే ఆ దొంగ నడక?" అని నిలవేసి, కాలు చూపించమన్నారు. బొడిపెను మెల్లిగా తాకి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు మావారిని కంసాలి దగ్గరకు పంపి, ఆ మట్టె వెండితోనే పలుచని విడిచుట్టు చేయించారు. పండుగనాడు పూజ దగ్గర కూర్చున్నంతసేపూ పెట్టుకుంటాను. లేచేటప్పుడు తీసెయ్యమని ఆవిడే గుర్తుచేస్తారు.