చెయ్యి చెయ్యి పట్టుకున్న అణువులు

బాలలూ! మనం అన్నం తింటాము, నూలుబట్ట కట్టుకుంటాము. ఈ రెండూ ఒకే సరుకుతో తయారయినవని ఎవరైనా చెబితే మీరు నవ్వుతారు. కాని అది నిజమే. అన్నంలోని పిండిపదార్థమూ, పత్తిలోని సెల్యులోజూ కూడా గ్లూకోజు అనే చక్కెర అణువులు వరసగా ఒకదానికొకటి అతుక్కోగా ఏర్పడినవే. అయితే ఆ అతుకు వేసిన తీరు రెంటిలోనూ ఒకటి కాదు. పిండిలోని అతుకును మన నోటిలోను, పేగులలోను ఊరే రసాలు తెంచగలవు. పత్తిలోని అతుకును అవి తెంచలేవు. అందుచేత అన్నం అరుగుతుంది, పత్తి అరగదు.

ఇలా చిన్న చిన్న అణువులు వందలూ వేలూ కలిసి ఏర్పడిన పొడుగాటి అణువును "పాలిమర్" అంటారు. గ్రీకు భాషలో "పాలీ" అంటే అనేకం, "మెరోస్" అంటే భాగం. అందులోని ఒక్కొక్క చిన్న అణువు పేరు "మోనోమర్". "మోనో" అంటే ఒక్కటి. అవి కలిసే పనిని "పాలిమరీకరణం" అంటారు.

అవి ఎలా కలుస్తాయి? మీరు ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి, రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిరుగుతారు గదా! ఇథిలీన్ అనే వాయువులో అణువు అలాంటిదే. కర్బన పరమాణువుకు నాలుగు చేతులున్నాయనుకోండి. ఇథిలీన్‌లో రెండు కర్బనాలు రెండేసి చేతులతో ఒకదానినొకటి పట్టుకుని, మిగిలిన చేతులతో ఉదజని పరమాణువులను పట్టుకుని ఉంటాయి. ఇప్పుడు ప్రతి జంటా తమ మధ్య ఉన్న పట్టులలో ఒకటి వదిలి, అలా ఖాళీ అయిన చేతులతో పక్క జంటలను పట్టుకుంటే ఏమవుతుంది? ఆటస్థలమంతా ఒకే గొలుసు అవుతుంది! ఇథిలీన్ ఇలా గొలుసు కడితే వచ్చేదే పాలిథీన్. 1933లో ఇంగ్లండులో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇథిలీన్‌ను గొప్ప ఒత్తిడిలో ఉంచి వేరొక ప్రయోగం చేస్తుండగా, పాత్రలో మైనం వంటి తెల్లని పదార్థం కనిపించింది. అదే ఇది!

రబ్బరుచెట్టు పాలనుంచి వచ్చే రబ్బరు కూడా గొలుసు అణువులే. కాని పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా సాగి, చలికి బిరుసెక్కుతుంది. అమెరికాలో ఛార్లెస్ గుడియర్ 1839లో దానికి గంధకం కలిపి వేడిచేస్తే, ఆ దోషం పోతుందని కనిపెట్టాడు. గంధకం అక్కడక్కడ ఒక గొలుసును మరొక గొలుసుతో ముడివేస్తుంది. రబ్బరును లాగినప్పుడు గొలుసులు చాచుకుంటాయి. ముడులు వాటిని జారిపోనివ్వవు. వదిలితే మళ్ళీ మునుపటిలా ముడుచుకుంటాయి. ఈ ముడులనే అడ్డబంధాలు అంటారు.

ముడులు మరీ దట్టంగా ఉంటే పదార్థం సాగదు, వేడికి కరగదు. 1907లో బేక్‌లాండ్ తయారుచేసిన బేకలైట్ అలాంటిది. ఇటువంటివి "థర్మోసెట్" పదార్థాలు. పాలిథీన్‌లో ముడులు లేవు. వేడిచేస్తే గొలుసులు ఒకదానిపై ఒకటి జారి కరుగుతుంది. అది "థర్మోప్లాస్టిక్".

గంధకం ముడివేస్తుందని గుడియర్‌కు తెలియదు. ఎందుకంటే గొలుసు ఉన్నదనే ఆ కాలంలో ఎవరికీ తెలియదు. 1920లో హెర్మన్ స్టాడింగర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, రబ్బరు వంటివి పొడుగాటి అణువులేనని ప్రకటించాడు. చాలామంది పండితులు ఆ మాట నమ్మలేదు. అవి చేతులు పట్టుకోకుండా ఊరికే గుంపుగా మూగిన చిన్న అణువులని వారి వాదం. రబ్బరులో కర్బనాలు జంట చేతులతో పట్టుకున్నచోట్ల ఉండే ఆకర్షణే ఆ గుంపును కూర్చిందని వారు అనుకున్నారు. స్టాడింగర్ ఆ చోట్లను ఉదజనితో నింపి చూశాడు. వారు చెప్పినదే నిజమైతే గుంపు చెదరాలి. చెదరలేదు! అయినా అందరూ ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది. 1953లో, 72వ ఏట, ఆయనకు నోబెల్ బహుమానం లభించింది.

పాత నూలుగుడ్డను మట్టిలో పాతితే సూక్ష్మజీవులు దాని గొలుసులను తెంచి తినేస్తాయి. పాలిథీన్ సంచిని పాతితే, ఆ గొలుసును తెంచడం వాటికి దాదాపు చేతకాదు. అందుకే అది ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. పశువులు మేస్తే వాటి కడుపులోనూ అరగదు. గొలుసు కట్టడం మనిషి బాగా నేర్చాడు. పని తీరిన తరువాత దానిని సులువుగా విప్పడం ఇంకా నేర్వవలసి ఉన్నది. ఆ పని మీలో ఎవరైనా చేయవచ్చు. అంతవరకు, చేతిలోని సంచిని వీధిలో పారవేయకుండా ఉండటం మనందరమూ చేయగల పనే!