బిల్లు నెగ్గుటకు ఎన్ని వోట్లు కావలెను?

ఒక బిల్లునకు అనుకూలముగా ఎక్కువమంది వోటు చేసిరనియు, అయినను అది వీగిపోయినదనియు చదివినప్పుడు మన రైతులలో పలువురు అచ్చెరువొందుదురు. ఎక్కువమంది కోరినది నెగ్గవలదా యని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. కాని దేనిలో ఎక్కువ? సభకు వచ్చినవారిలోనా, వోటు చేసినవారిలోనా, సభ్యుల మొత్తములోనా? ధాన్యము కొలుచునప్పుడు ఏ కుంచముతో కొలుచుచున్నామో ముందుగా తేల్చుకొననిదే పుట్లెన్నో చెప్పజాలము గదా. సహకార సంఘములకై చేసిన యొక రాజ్యాంగ సవరణమే ఈ లెక్క కుదరక చాలవఱకు చెడినది గావున, ఈ విషయమును సభ్యులకు కొంత వివరముగ చెప్పదలచినారము.

సామాన్యమైన బిల్లుల సంగతి సులభము. పార్లమెంటునకు రాజ్యాంగమున 100వ అధికరణమును, రాష్ట్ర శాసనసభలకు 189వ అధికరణమును విధించిన ప్రకారము, సభకు హాజరై వోటు చేసినవారిలో అధికసంఖ్యాకులు ఔనన్న చాలును. వోటు చేయక ఊరకున్నవారు లెక్కకు రారు. సభాపతి మొదట వోటు చేయడు; ఉభయపక్షములు సమమైనపుడు మాత్రమే నిర్ణాయకమైన వోటు వేయును. సభ సాగుటకు పదియవ వంతు సభ్యులుండవలెను. రాష్ట్ర శాసనసభలలో ఆ సంఖ్య పదికి తగ్గరాదు. దీనినే కోరమందురు. 175 మంది గల ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఇది 18, 119 మంది గల తెలంగాణ శాసనసభకు 12. కావున ఆంధ్రప్రదేశ్ సభలో 18 మందియే యున్న దినమున 10 మంది ఔనన్నను బిల్లు ఆ సభను దాటును. నిత్యము అట్లే జరుగుచున్నదని మేమనుటలేదు. నియమము అంతవఱకు సమ్మతించుచున్నదని మాత్రమే చెప్పుచున్నాము.

రాజ్యాంగమును సవరించు బిల్లునకు మాత్రము ఈ కొలత చాలదు. 368వ అధికరణము రెండు కొలతలను ఒక్కసారియే విధించినది. సభ మొత్తము సభ్యులలో సగమునకు మించినవారు ఔనవలెను. హాజరై వోటు చేసినవారిలో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండ ఔనవలెను. పార్లమెంటు ఉభయసభలలోను విడివిడిగా ఈ రెండును కుదిరిననే బిల్లు నిలుచును.

ఇందులకు 1970వ సంవత్సరము సెప్టెంబరు నెలలో జరిగినదానిని మించిన నిదర్శనము మాకు కనబడదు. హైదరాబాదు నిజాము మొదలుకొని పూర్వ సంస్థానాధీశులకు కేంద్రప్రభుత్వ మిచ్చుచుండిన రాజభరణములను రద్దు చేయుటకు తెచ్చిన సవరణ బిల్లు లోకసభను దాటి రాజ్యసభకు వచ్చినది. అక్కడ అనుకూలముగా 149 మందియు, ప్రతికూలముగా 75 మందియు వోటు చేసిరి. ప్రతికూలురకు ఇంచుమించు రెట్టింపు మంది ఔనన్నారు; అయినను బిల్లు వీగిపోయినది. వోటు చేసినవారు 224 మంది. అందు మూడింట రెండు వంతులు 149 మీద మూడవ వంతు. మనిషిని మూడు ముక్కలు చేయజాలము గావున 150 మంది కావలసియుండెను. ఒక్క వోటు తగ్గినది.

ఇందొక చిత్రము కలదు. ప్రతికూలురలో ఒక్కరు ఆ దినమున ఇంటనే నిలిచిపోయినచో మొత్తము 223 అగును. అప్పుడు 149 మందియే చాలియుందురు. ఈ కొలతలో ఒక కాదను వోటును తూచుటకు రెండు ఔనను వోట్లు కావలెనన్నమాట. మొదటి కొలతకో, రానివాడును కాదన్నవాడును ఒక్కటే. వాని పేరు మొత్తములో నుండనే యున్నది. తుదకు రాజభరణములు 1971లో 26వ సవరణముచే రద్దయినవి.

మన సంఘముల సర్వసభ్య సమావేశములయందును ఈ భేదము కలుగవచ్చును. 300 మంది సభ్యులు గల సంఘమున 60 మంది సమావేశమునకు వచ్చి వోటు చేసిరనుకొందము. హాజరై వోటు చేసినవారిలో మూడింట రెండు వంతులు కావలెనని నిబంధన యున్నచో 40 మంది చాలుదురు. మొత్తము సభ్యులలో సగమునకు మించి కావలెనని యున్నచో ఆ 60 మందియు ఏకకంఠముగా ఔనన్నను తీర్మానము వీగిపోవును. 151 మంది కావలసియుండును. వరికోతల దినములలో సమావేశము పెట్టిన కార్యదర్శులకు ఈ లెక్క బాగుగ తెలియును.

ఇక మూడవ కొలత. రాష్ట్రముల అధికారమును తాకు కొన్ని సవరణములకు, పార్లమెంటు ఒప్పిన తరువాత, రాష్ట్రములలో సగమునకు తక్కువ కాకుండ వాటి శాసనసభలు కూడ తీర్మానపూర్వకముగా సమ్మతింపవలెను. సహకార సంఘములు రాష్ట్రముల జాబితాలోని విషయము. పార్లమెంటు 2011 డిసెంబరులో ఆమోదించిన 97వ సవరణము వీనికొఱకై రాజ్యాంగమున ఒక క్రొత్త భాగమునే చేర్చినది. పాలకవర్గమున 21 మందికి మించి డైరెక్టర్లుండరాదు, వారి పదవీకాలము అయిదేండ్లు, స్త్రీలకు రెండు స్థానములు, షెడ్యూల్డు కులములకు గాని తెగలకు గాని ఒక స్థానము, ఆర్థిక సంవత్సరము ముగిసిన ఆఱు నెలలలో లెక్కల తనిఖీ - ఇవన్నియు అందున్నవి. 2012 ఫిబ్రవరి 15న అది అమలులోనికి వచ్చినది. అనేక రాష్ట్రములు తమ సహకార శాసనములను తదనుగుణముగా దిద్దుకొన్నవి.

కాని రాష్ట్రముల సమ్మతిని మాత్రము ఎవరును కోరలేదు. 2013లో గుజరాతు హైకోర్టు ఈ లోపమును పట్టి ఆ భాగమును కొట్టివేసినది. వివాదము సుప్రీముకోర్టునకు పోయినది. తమ శాసనములను దిద్దుకొన్న రాష్ట్రములు సమ్మతించినట్లే గదా యను వాదము అచ్చట వచ్చినది. న్యాయస్థానము దానిని అంగీకరింపలేదు. సమ్మతి తీర్మానరూపమున, విధింపబడిన రీతిని ఉండవలెనే గాని, అర్థాపత్తిచే ఊహించుకొనుట చెల్లదని తేలినది. సవరణము మంచిదా చెడ్డదా యను విచారణకే తావులేకపోయినది. మంచి నిబంధనలు కొన్ని ఇట్లు పోయినందుకు మాకు విచారము కలదు. కాని, రాష్ట్రముల నడుగక వాటి విషయమును మార్చుట తగదనుటయు న్యాయమే యని మా యభిప్రాయము.

2021 జూలై 20న వెలువడిన ఆ తీర్పులో, లోపము కలదనుటలో న్యాయమూర్తులు ముగ్గురును ఏకీభవించిరి. ఒకటికి మించిన రాష్ట్రములలో పనిచేయు సంఘముల విషయమున ఆ భాగము నిలుచునా యనుచోట మాత్రము ఇద్దఱు నిలుచుననిరి, ఒకరు నిలువదనిరి. ఇద్దఱి మాటయే తీర్పైనది. అందుచే బహురాష్ట్ర సంఘములకు ఆ భాగము వర్తించును. మన గ్రామములలోని పరపతి సంఘముల ఎన్నికలు, పాలకవర్గముల గడువు, లెక్కల తనిఖీ మాత్రము మన రాష్ట్రముల సహకార శాసనముల ననుసరించియే జరుగవలెను. ఆ శాసనములు మాఱుటకు సామాన్యమైన బిల్లుల కొలతయే చాలును.