తండ్రి జేబులోని పాఠశాల

2020 మార్చిలో కోవిడ్ కారణమున దేశమందలి పాఠశాలలన్నియు మూతపడగా, గురువుగారి కంఠము పిల్లలకు చేరుటకు టీవీయు, రేడియోయు, సెల్‌ఫోనును మాత్రమే శరణ్యములయ్యెను. ఆంధ్రప్రదేశమున దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యావారధి’ పాఠములును, తెలంగాణమున సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో డిజిటల్ తరగతులును ప్రసారమైనవి. ఇవి మెచ్చదగిన ప్రయత్నములే. కాని జూమ్ తరగతిలో కూర్చున్న పట్టణపు పిల్లవాడు చేయియెత్తి సందేహ మడుగగలుగుచుండగా, టీవీ ముందు కూర్చున్న పల్లెటూరి పిల్లవాడు అర్థముకాని లెక్కను అట్లే విడిచి తరువాతి లెక్కకు పోవలసి వచ్చెను.

ఈ అంతరమును మనము ఫోనుల సంఖ్యతో కొలుచుచున్నాము. 2017–18 నాటి జాతీయ నమూనా సర్వేలో ఇంటర్నెట్ సౌకర్యము కల కుటుంబములు పట్టణములలో నూటికి 42 కాగా, గ్రామములలో 15కు లోపే. గ్రామీణ బాలల చదువును పరిశీలించు అసర్ సర్వే ప్రకారము, బడిలో నమోదైన గ్రామీణ పిల్లలలో ఇంట స్మార్ట్‌ఫోను కలవారు 2018లో నూటికి 36.5 ఉండగా 2020 నాటికి 61.8కి పెరిగెను. ఆ అంకెను చూచి ఊరట చెందువారు అదే నివేదికలోని మరియొక సంగతిని మరువరాదు: సర్వేకు ముందటి వారమున బడినుండి ఏదో యొక పాఠ్యసామగ్రి అందిన పిల్లలు మూడింట ఒక వంతు మాత్రమే.

ఇంటిలో ఫోను కలదు. అది తండ్రి చొక్కా జేబులో కలదు. తెల్లవారగనే ఆయన మేస్త్రీపనికి పోవును. వాట్సాప్ గ్రూపులో టీచరు పెట్టిన వీడియో ఆ జేబులోనే మ్రోగి యూరకుండును. చీకటిపడి ఆయన ఇల్లు చేరునప్పటికి ఛార్జింగు అయిపోయి యుండును. ఛార్జింగున్ననాడు ఆనాటి డేటా అయిపోవును. రెండును ఉన్ననాడు, పదవ తరగతి చదువు అన్నకు ముందుగా ఫోను దక్కగా, ఎనిమిదవ తరగతి చెల్లెలు పొయ్యివద్ద అన్నము వార్చుచు తన వంతుకై ఎదురుచూచును. మన్యపు గూడెములలోనైతే సిగ్నలు కొరకు గుట్ట యెక్కవలసినదే. చీకటివేళ ఆడపిల్లను గుట్టపైకి ఏ తల్లి పంపును?

ఈ స్థితి యథాతథముగా తెలియవలెనన్న, డిగ్రీ విద్యార్థులే ఇల్లిల్లు తిరిగి విచారించుట యుత్తమమని నా దృఢాభిప్రాయము. ఏలయన, నిన్నమొన్న ఆ ఫోను కొరకు తామును వంతు వేచియున్నవారికి ఏ ప్రశ్న వేయవలెనో తెలియును. “మీ ఇంట్లో ఫోను ఉందా?” అని యడిగిన “ఉంది బాబూ” అనియే జవాబు వచ్చును. “పొద్దున పదింటికి అది ఎవరి దగ్గర ఉంటుంది పెద్దమ్మా?” అని యడిగినప్పుడే గదా అసలు సంగతి బయటపడుట!

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులకు 2020–21లో సవరింపబడిన పాఠ్యప్రణాళిక, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేర 180 గంటలు కేటాయించినది. అధ్యాపకులారా, అందు కొన్ని గంటలనైనను ఈ విచారణకు వినియోగింపజేయుడు. విద్యార్థులారా, మీరు వ్రాసికొన్న జవాబులను రికార్డు పుస్తకములో మూసిపెట్టక, ఊరి సర్పంచికిని, బడి హెడ్మాస్టరుకును చదివి వినిపింపుడు.