రసీదు లేకుంటే కట్టనట్టే!

దుబాయ్ సోనాపూర్ క్యాంపులో ఉండే జగిత్యాల అన్న ఒకాయన మా దగ్గరకు వచ్చాడు. తాపీ పని. సైట్ అయిపోయిందని కంపెనీ పనిలోంచి తీసేసింది. "నిరుద్యోగ బీమా కట్టిన కదా, నాకు పైసలొస్తయా?" అని అడిగాడు. రసీదు చూపించమన్నాం. "రూమ్‌లో తెలిసినాయన చేతికిచ్చిన. కట్టేసిన అన్నడు" అన్నాడు. తీరా చూస్తే ఆయన పేరు మీద పాలసీయే లేదు. పైగా 400 దిర్హమ్‌ల జరిమానా ఉంది.

యూఏఈలో ఈ బీమా 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కంపెనీ వీసా మీద పనిచేసే వాళ్లందరికీ ఇది తప్పనిసరి. ఇది మన జేబులోంచే కట్టాలి. బేసిక్ జీతం 16,000 దిర్హమ్‌ల లోపు ఉంటే నెలకు 5 దిర్హమ్‌లు, పైన వ్యాట్. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు, డ్రైవర్లకు ఈ బీమా లేదు. కాబట్టి దీని పేరు చెప్పి మిమ్మల్ని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

వచ్చేదెంత? వరుసగా 12 నెలలు కట్టి ఉండి, మన తప్పు లేకుండా ఉద్యోగం పోతే, బేసిక్ జీతంలో 60 శాతం చొప్పున 3 నెలల దాకా ఇస్తారు. బేసిక్ 1,000 దిర్హమ్‌లైతే నెలకు 600. ఉద్యోగం పోయిన 30 రోజుల్లోగా క్లెయిమ్ పెట్టుకోవాలి. మనంతట మనమే రాజీనామా చేసినా, క్రమశిక్షణ కింద తీసేసినా రాదు. దేశం విడిచి వెళ్లినా, కొత్త ఉద్యోగంలో చేరినా ఆగిపోతుంది.

జరిమానా ఉంటే అది కట్టేదాకా కొత్త వర్క్ పర్మిట్ రాదు. అందుకే దాన్ని వదిలేయొద్దు.

మరి వీసా ఖర్చు, వర్క్ పర్మిట్ ఫీజు ఎవరివి? అవి యజమానివి. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం ఆ ఖర్చులు కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదు, జీతంలో కోయకూడదు. "గవర్నమెంటు ఫీజు" అని ఫోర్‌మన్ అడిగితే "ఏ ఫీజు? రసీదు ఇస్తరా?" అని అడగండి.

బీమా డబ్బులు ఐఎల్ఓఈ వెబ్‌సైట్‌లో గానీ, అల్ అన్సారీ ఎక్స్ఛేంజ్‌లో గానీ మీరే కట్టండి. కట్టేటప్పుడు మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. పాలసీ కాగితం ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపి పెట్టండి. ఫోన్ పోయినా అది ఉంటుంది.

కంపెనీ మీద ఫిర్యాదుకు కార్మిక శాఖ నంబరు 80084. మన కాన్సులేట్ సహాయ కేంద్రం నంబరు 80046342.

ఆ అన్నకు బీమా పైసలు రాలేదు. ఆయన కట్టాల్సింది నెలకు 5 దిర్హమ్‌లే, ఇచ్చాడు కూడా. లేనిదల్లా రసీదే. ఈ రోజు డ్యూటీ దిగాక మీ పాలసీ ఒకసారి చూసుకోండి. పక్క మంచం తమ్ముడిది కూడా చూసిపెట్టండి.