చైన్ సా కొంటున్నారా? ఎన్ని సీసీ అని కాదు.. చైన్ బ్రేక్ ఉందా అని అడగండి!

తుపాను వచ్చి వెళ్లిన మర్నాడు ఊళ్లో మొదట వినిపించేది చైన్ సా చప్పుడే. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో, 2018లో తిత్లీ తర్వాత ఉద్దానంలో ఇదే సీన్. దారికి అడ్డంగా చెట్లు, గేటు మీద కొబ్బరి మాను. కోసేవాళ్లేమో దొరకరు, దొరికినా అడిగినంత ఇచ్చుకోవాల్సిందే. దాంతో ‘మనమే ఒకటి కొని పడేస్తే పోలా’ అని చాలామంది ఆన్‌లైన్‌లో వెతుకుతారు. ఐదారు వేలకే 58 సీసీ, 62 సీసీ, 22 అంగుళాల బ్లేడు అంటూ ఆఫర్లు కనిపిస్తాయి. ఆగండి.. ఇంటి అవసరానికి అంత పెద్ద మిషన్ అక్కర్లేదు. పైగా అలవాటు లేని చేతికి అదే డేంజర్.

ముందు మీరు కోసేది ఏంటో తేల్చుకోండి. పెరట్లో మునగ, జామ, వేప కొమ్మలేనా? అయితే 6 అంగుళాల బ్యాటరీ మినీ రంపం చాలు. నెలకోసారి మామిడి కొమ్మలు, పొయ్యికి కట్టెలు కోసుకునేవాళ్లకు 12 నుంచి 14 అంగుళాలు. పడిపోయిన చెట్లు ముక్కలు చేయాలంటే 16 అంగుళాలు. అంతకు మించి ఇంట్లో అవసరం రావడం అరుదు. ఒక చిన్న లెక్క గుర్తుంచుకోండి.. కోసే దుంగ మందం కంటే బార్ ఓ 2 అంగుళాలు పొడవుంటే సరిపోతుంది. బార్ అంటే మనం బ్లేడు అని పిలిచే, చైన్ తిరిగే ఆ పొడవాటి రేకు. ఇంటి వాడకానికి పేరున్న స్టిల్ ఎంఎస్ 180 ఇంజినే 31.8 సీసీ. మరి మనకు 62 ఎందుకు?

కరెంటా, బ్యాటరీనా, పెట్రోలా? వైరున్న కరెంటు మిషన్ చవక, తేలిక. కానీ తుపాను తర్వాత కరెంటే ఉండదు, అది గుర్తుంచుకోవాలి. బ్యాటరీది బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది, కానీ పెద్ద పనికి స్పేర్ బ్యాటరీ ఉండాల్సిందే. రోజంతా పని అంటే పెట్రోలే. అయితే ఇది 2 స్ట్రోక్ ఇంజిన్, పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. ఏది కలపాలో మిషన్ బుక్‌లో చూసుకోండి. ఆయిల్ లేకుండా ఉత్త పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, మిషన్ షెడ్డుకే! చైన్‌కు వేసే ఆయిల్ వేరు, దాని ట్యాంకు కూడా వేరే ఉంటుంది.

ఇక అసలు విషయం.. కిక్‌బ్యాక్. బార్ ముక్కు పైభాగం ఏదైనా కొమ్మకు తగిలిందనుకోండి. చైన్ పళ్లు కోయలేక అక్కడే పట్టుకుంటాయి. ఆ విసురుకు మిషన్ మొత్తం పైకి లేచి మీ ముఖం వైపు, మెడ వైపు వస్తుంది. కళ్లు మూసి తెరిచేలోపే అయిపోతుంది. పట్టుకుందాం అనుకునే టైమ్ కూడా ఉండదు. అందుకే చైన్ బ్రేక్. ముందు హ్యాండిల్ దగ్గర అడ్డంగా ఉండే ఆ గార్డును ముందుకు నెడితే చైన్ టక్కున ఆగాలి. షాపులోనే స్టార్ట్ చేయించి చూడండి. యాక్సిలరేటర్ వదిలేశాక చైన్ కదులుతూ ఉన్నా తీసుకోవద్దు. లో కిక్‌బ్యాక్ చైన్ ఉందా, ఆ చైన్, బార్ మీ టౌన్‌లో దొరుకుతాయా అని కూడా అడగండి. మా మావయ్య మోజుపడి తెప్పించిన 22 అంగుళాల మిషన్ చైన్ దొరక్క రెండేళ్లుగా పశువుల పాకలో వేలాడుతోంది.

యాంగిల్ గ్రైండర్‌కు బిగించే చైన్ అటాచ్‌మెంట్లు వీడియోల్లో చూడ్డానికి బాగుంటాయి. వాటి జోలికి మాత్రం వెళ్లొద్దు, దానికి బ్రేకే ఉండదు.

మిషన్ బడ్జెట్‌లోనే కళ్లద్దాలు, చెవులకు ఇయర్ మఫ్స్, హెల్మెట్, గట్టి బూట్లు కూడా లెక్కేసుకోండి. లుంగీ, చెప్పులతో కోయడం మన దగ్గర మామూలే, కానీ చైన్ తిరిగేది సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో! ఓ ఆకురాయి కూడా కొనండి. మొద్దుబారిన చైన్‌తో నొక్కి నొక్కి కోస్తేనే చేయి జారుతుంది. కోసినప్పుడు పేలికల్లా పొట్టు రాలితే చైన్ పదునుగా ఉన్నట్టు, పిండిలా రాలితే రాపిడి పెట్టాల్సిందే. కొబ్బరి, తాటి మానులకు పీచు ఇరుక్కుని చైన్ ఇంకా తొందరగా పాడవుతుంది.

నిచ్చెనెక్కి కోయడం, భుజం కంటే పైకెత్తి కోయడం, ఒంటి చేత్తో కోయడం వద్దే వద్దు. వంగి బిగుసుకున్న కొమ్మను కోస్తే స్ప్రింగులా ఎగిరి కొడుతుంది, వాటిని అలవాటున్న వాళ్లకే వదిలేయండి. చెట్టు మీద కరెంటు వైరు ఉంటే ముట్టుకోకుండా 1912కి ఫోన్ చేయండి. నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే మీ స్థలంలో ఉన్నా సరే, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం పర్మిషన్ కావాలేమో ముందే కనుక్కోండి.