కుక్క మెడకు జీపీఎస్ పట్టీ: ఎందుకు? ఎలా?

విజయవాడకు వాయవ్యాన ఉన్న కొండపల్లి కొండల్లో గొర్రెల మంద వెంట వెళ్లిన కుక్క పొదల్లో దారి తప్పితే, దాని జాడ తీయడానికి మెడకు కట్టిన జీపీఎస్ పట్టీ ఉపయోగపడుతుంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయాన్ని తెలిపే సంకేతాలను ఎడతెగకుండా పంపుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి పట్టీలోని గ్రాహకం, అంటే సంకేతాలను అందుకొనే భాగం, తానున్న చోటును లెక్కగడుతుంది.

అయితే గ్రాహకం సంకేతాలను అందుకోవడమే గాని తిరిగి పంపలేదు కనుక, ఆ చోటును యజమానికి తెలిపే మార్గం వేరుగా ఉండాలి. పట్టీని ఎంచుకొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడవలసింది ఇదే. సిమ్ కార్డుతో నడిచే పట్టీ విజయవాడ వీధుల్లో చక్కగా పనిచేసినా, సెల్ టవర్ సంకేతం అందని కొండల నడుమ దాని వల్ల ప్రయోజనం ఉండదు. అలాంటి చోట్ల యజమాని చేతిలోని పరికరానికి నేరుగా రేడియో తరంగాలు పంపే పట్టీయే మేలు. అమెరికాలో వేటకుక్కలకు కట్టే పట్టీలు ఎక్కువగా 151–154 మెగాహెర్ట్జ్ తరంగాలతో నడుస్తాయి. భారతదేశంలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ శ్రేణి వాటికి భిన్నమైనది కాబట్టి, విదేశీ పట్టీని తెప్పించే ముందు ఈ సంగతి తప్పక విచారించుకోవాలి.

కాలువలు, చేపల చెరువులు నిండిన చోట కుక్క నీటిలో దిగక మానదు. ఐపీ67 ప్రమాణం గల పరికరం మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుంది. తడిసిన పట్టీ కింద చర్మం ఒరిసి పుండు పడుతుంది గనుక, రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టి, ఇంటికి రాగానే విప్పి మెడ ఆరనివ్వాలి.