నెలలు నిండని ఊపిరి

గర్భంలో ఉన్నంతకాలం శిశువుకు కావలసిన ప్రాణవాయువు మాయ ద్వారా తల్లి రక్తం నుంచే అందుతుంది కనుక, ఊపిరితిత్తులకు పుట్టిన క్షణం వరకూ అసలు పని పడదు. ఆ పనికి అవి సిద్ధమయ్యేది కూడా చివరి వారాలలోనే. ఊపిరితిత్తులలోని సూక్ష్మమైన గాలి గదుల గోడలను తేమ పొర కప్పి ఉంటుంది. ద్రవాలకు సహజమైన తలతన్యత వల్ల ఆ గోడలు, తడిసిన గాజు పలకల మాదిరిగా, ఒకదానికొకటి అతుక్కుపోవాలని చూస్తాయి. అలా అతుక్కుపోకుండా కాపాడే కొవ్వు పదార్థం పేరు సర్ఫ్యాక్టెంట్. బాగా ముందుగా పుట్టిన బిడ్డలలో ఇది చాలినంత ఊరి ఉండదు. మూసుకుపోయిన గదులను ప్రతి శ్వాసకూ మళ్ళీ తెరవవలసి రావడంతో బిడ్డ డొక్కలు ఎగరేస్తుంది, మూలుగుతుంది, కొన్ని గంటలలోనే అలసి సొలసిపోతుంది. ఈ జబ్బుకు మూలం సర్ఫ్యాక్టెంట్ కొరతేనని అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ 1959లోనే చూపించినా, చేతిలో మందు మాత్రం లేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కుమారుడు పాట్రిక్ ఐదున్నర వారాలు ముందుగా పుట్టి, 39 గంటలు మాత్రమే బతికి, ఇదే జబ్బుతో చనిపోయాడు.

దీనికి విరుగుడు, దాన్ని వెతకని మనిషికి దొరికింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో ప్రసూతి వైద్యుడైన గ్రాహం లిగిన్స్‌ను వేధించిన ప్రశ్న వేరు: పురిటి నొప్పులు ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించేది తల్లా, బిడ్డా? మనుషుల కంటే గొర్రెలే ఎక్కువగా ఉన్న ఆ దేశంలో ప్రయోగానికి గొర్రెలను ఎంచుకోవడంలో వింత లేదు. గర్భంలోని పిల్ల మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని పనిచేయకుండా చేస్తే నెలలు నిండినా కాన్పు జరగలేదు. అదే గర్భంలోని పిల్లకు కార్టిసాల్ వంటి స్టెరాయిడ్ హార్మోన్లను ఎక్కిస్తే తల్లి గొర్రె గడువుకు ముందే ఈనింది. గొర్రెలలోనైతే నిర్ణయం పిల్లదేనని తేలింది. మనుషులలో వ్యవహారం ఇంత సూటిగా లేదన్నది తరువాతి సంగతి.

అసలు మలుపు ఒక పిల్ల వల్ల వచ్చింది. స్టెరాయిడ్ అందుకుని బాగా ముందే పుట్టిన ఆ గొర్రెపిల్ల, లెక్క ప్రకారం పుట్టగానే చనిపోవలసింది, ఇంకా ఊపిరి తీస్తూ కనిపించింది. అది చనిపోయాక కోసి చూస్తే, గట్టిగా ముద్దలా ఉండవలసిన ఊపిరితిత్తులు కొంతమేర గాలి నిండి ఉన్నాయి. కాన్పు ప్రశ్నకు సంబంధం లేనిదని దీన్ని పక్కన పెట్టి ఉండవచ్చు, లిగిన్స్ పెట్టలేదు. స్టెరాయిడ్ ఊపిరితిత్తుల పక్వతను తొందరపెట్టిందని ఊహించి, 1969లో ఆ ఫలితాలను ప్రచురించి, శిశు వైద్యుడు రాస్ హౌవీతో కలిసి అదే ఏడాది తల్లులపై పరిశోధన ఆరంభించాడు. ఎవరికి అసలు మందు ఇవ్వాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చి, ఎవరికి ఏది అందిందో తల్లికీ వైద్యుడికీ తెలియకుండా, 24 గంటల ఎడంతో బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను రెండు ఇంజెక్షన్లుగా ఇచ్చారు. మొత్తం 282 మంది తల్లుల వివరాలతో 1972లో ఫలితాలు వెలువడ్డాయి. అనుకోకుండా ముందే కాన్పయిన తల్లుల బిడ్డలలో శ్వాస జబ్బు 25.8 శాతం నుంచి 9 శాతానికి, తొలి వారం మరణాలు 15 శాతం నుంచి 3.2 శాతానికి పడిపోయాయి.

ఇంత స్పష్టమైన ఫలితం వచ్చాక కూడా చాలామంది వైద్యులు ఇరవై ఏళ్ళపాటు తటపటాయించారు. బిడ్డ మెదడుకు హాని జరుగుతుందేమో, తల్లికి ఇన్ఫెక్షన్ సోకుతుందేమో అన్న భయాలు పూర్తిగా నిరాధారమైనవి కావు గానీ, అప్పటికే వరుసగా వచ్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూసే అలవాటు వైద్యలోకానికి లేకపోవడమే పెద్ద లోపం. ఆ పని ప్రసూతి వైద్యురాలు ప్యాట్రీషియా క్రౌలీ చేశాక, 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం ఈ చికిత్సను గట్టిగా సిఫారసు చేసింది. పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ చిహ్నంలోని అడ్డగీతలు ఈ స్టెరాయిడ్ పరిశోధనల ఫలితాలే.

అయితే చవకైన మందు కదా అని ఎక్కడపడితే అక్కడ ఇస్తే బెడిసికొడుతుందని 2015లో తెలిసింది. భారత్‌తో సహా ఆరు దేశాలలో గ్రామీణ స్థాయిలో దీని వాడకాన్ని పెంచి చూస్తే మొత్తంమీద శిశు మరణాలు తగ్గకపోగా కొద్దిగా పెరిగాయి. ఎన్ని వారాల గర్భమో సరిగా తేలక, నెలలు నిండిన తల్లులు చాలామందికి కూడా మందు అందింది. ఆ తరువాత భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, కెన్యా, నైజీరియాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2,852 మంది తల్లులపై జరిపిన పరిశోధనలో, స్కానింగుతో వారాలను నిర్ధారించుకుని, నవజాత శిశువులను చూసుకునే వసతి ఉన్న ఆసుపత్రులలోనే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను ఇచ్చారు. 2020లో ప్రచురించిన ఆ ఫలితాలలో నవజాత శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి.

భారత ప్రభుత్వం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు మొదలైన తల్లికి 12 గంటలకొకసారి చొప్పున నాలుగు మోతాదుల డెక్సామెథాసోన్ ఇవ్వాలి. పెద్దాసుపత్రికి పంపే ముందు తొలి ఇంజెక్షన్‌ను ఏఎన్‌ఎం కూడా ఇవ్వవచ్చు. అందుకు ఆమెకు ముందుగా తెలియవలసింది ఎన్నో వారమన్నది. ఆ లెక్కకు, చివరి నెలసరి తేదీతో పాటు, తొలి మూడు నెలలలో తీయించిన స్కానింగ్ రిపోర్టే ఆధారం; నెలలు గడిచాక తీసే స్కానింగులో ఆ లెక్క అంత కచ్చితంగా రాదు.